పట్నము విడిచి వచ్చిన మా ఇంటి ముచ్చట్లు
(కుటుంబ సహవాస కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతసంవత్సర ఉత్సవములలో సంఘ చరిత్రను గూర్చి, పూర్వికుల సేవను గూర్చి మాట్లాడగల పెద్దలు పలువురున్నారు. వారు మాట్లాడుచునే యున్నారు. మమ్మును మాత్రము పట్నము విడిచి నందికొట్కూరు వచ్చిన తరువాత మా ఇంటిలో జరిగిన సంగతులు చెప్పుమన్నారు. "నవ్వొచ్చేవి చెప్పండి, ఏడుపొచ్చేవి ఎవురింట్లో వాళ్ళకుండాయి" అని కార్యదర్శిగారు ముందుగానే హెచ్చరించినారు. గనుక ఆ మేరకు ప్రయత్నించెదము. మేమనగా భార్యాభర్తలము ఇద్దరము. ఈ కాగితము ఇద్దరము కూర్చుండి వ్రాసినాము. మా పిల్లలు చదివి కొన్ని సంగతులు కొట్టివేయుమన్నారు. ఆ సంగతులను మరి కొంచెము పెంచి వ్రాసినాము.

మాలో ఒకరిది ఈ ప్రాంతమే. మరొకరు సికింద్రాబాదులో పుట్టి పెరిగినవారు. పదహారు సంవత్సరములు హైదరాబాదులో నాలుగవ అంతస్తులో కాపురము చేసినాము. 2021 మే నెలలో నాయన ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మ ఈ ఇంటిలో ఒంటరిగా మిగిలినది. మాతో రమ్మని ఎంత బ్రతిమాలినను, "ఒక తూరి ఇల్లు ఇడిసిపెట్టింది చాలు నాయనా" అన్నది. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆ ఒక తూరి సంగతి ఇక్కడి పెద్దలకు తెలిసినదే. యౌవనస్థుల కొరకు చెప్పుచున్నాము. అమ్మ మెట్టినిల్లు కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పల్లె. శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలుచుటకు ఇటు కర్నూలు జిల్లాలోను, అటు మహబూబ్‌నగర్ జిల్లాలోను నూటికి పైగా గ్రామములు ఖాళీ చేయవలసి వచ్చెను. ఆ పల్లె 1981లో ఖాళీ అయినది. మాలో ఒకరు అప్పటికి ఆరేండ్ల బాలుడు. ఎద్దుల బండి మీద, మడచిన మంచముపైన, కోళ్ళగంప ప్రక్కన కూర్చుండి నందికొట్కూరు వచ్చినాడు. ఆ ప్రయాణములో ఆయనకు జ్ఞాపకమున్నది గంపలోని కోడి పొడిచిన సంగతి ఒక్కటే.

అమ్మ హైదరాబాదు చూడనిది కాదు. 2014లో వచ్చి తొమ్మిది దినములున్నది. మొదటి రెండు దినములు బాల్కనీలో నిలువబడి క్రింద పోవు బండ్లను చూచినది. మూడవ దినము మేమిద్దరము పనులకు పోగానే కొంగు సర్దుకొని, ఆ అంతస్తులోని ఆరు తలుపులను వరుసగా తట్టి, "ఏం కూరమ్మా?" అని అడిగినది. రెండు తలుపులు తెరువబడనే లేదు. ఇద్దరు "ఏమీ వద్దు" అని మూసివేసినారు. ఒకరు పది రూపాయలు ఇవ్వబోయినారు. ఆరవవారు వాచ్‌మన్‌ను పిలిచినారు. పరుగున వచ్చిన ఆ వాచ్‌మన్ ఆత్మకూరు వైపువాడు. "మాది ఆత్మకూరు కాడమ్మా" అనగానే అమ్మకు ప్రాణము లేచి వచ్చెను. తక్కిన దినములన్నియు గేటు దగ్గర అతని స్టూలు మీద ఆమె కూర్చున్నది; అతడు నిలువబడినాడు. తొమ్మిదేండ్లుగా అక్కడ నివసించు మాకు తెలియని సంగతులు ఆ వారములో ఆమెకు తెలిసినవి. మూడవ అంతస్తులోని ముసలాయనకు ఆపరేషన్ అయినదని ఆమె చెప్పగా మేము పోయి పలుకరించి వచ్చినాము. ఆయన భార్య తలుపు తెరచి, "మీరు ఏ ఫ్లాటు?" అని అడిగినది.

సరే, 2021 జూన్ నెలలో మేమే బయలుదేరినాము. ఒక సంవత్సరము కొరకని అందరికి చెప్పినాము. అప్పటికి ఆఫీసు పని ఇంటినుండియే చేయుచుండిరి గనుక కంప్యూటరు ఎక్కడ పెట్టుకొన్నను ఒకటే. హైదరాబాదునుండి కర్నూలు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడనుండి మరి ముప్పది కిలోమీటర్లు. సామాను లారీ ఆ దూరమంతయు సుఖముగా వచ్చి మా వీధి మొగదలలో ఆగిపోయెను. ఇరుకు సందులోనికి అది దూరలేదు. వీధివారే వచ్చి మోసినారు. మోయువారికి ఏమి మోయుచున్నారో తెలిసికొను హక్కు కలదు గదా! ఆ విధముగా ఒక్క గంటలో మా పదహారేండ్ల సంసారము వీధికంతటికి పరిచయమైనది. వ్యాయామము చేయు సైకిలు ఒకటి అందులో ఉండెను. మోసిన పెద్దాయన దానిని దింపి, నాలుగు ప్రక్కల తిరిగి చూచి, "యాడికీ పోదా ఇది?" అని అడిగినారు. పోదని చెప్పినాము. "మరి దిగేదెప్పుడు?" అన్నారు. దానికి మేము ఇంతవరకు జవాబు చెప్పలేదు. ఇప్పుడు దాని మీద మిరపకాయల సంచులు ఆరుచున్నవి.

బట్టలుతుకు యంత్రము కథ వేరు. అది చెప్పుటకు ముందు నీళ్ళ సంగతి చెప్పవలెను. మన ప్రాంతము నీళ్ళు చూడనిది కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు–కడప కాలువ మన ప్రక్కగానే పోవును. దానిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 దశకములో త్రవ్వించినారు. ఒకప్పుడు దానిలో పడవలు నడచినవి. మన మండలములోని మల్యాల దగ్గర కృష్ణ నీటిని ఎత్తి 2012 నుండి హంద్రీ–నీవా కాలువలో అనంతపురము వైపు పంపుచున్నారు. పోతిరెడ్డిపాడు తూములు దాటిన నీరు తెలుగుగంగ వెంట 1996లో మద్రాసు చేరినది. ఇన్ని ఊళ్ళకు నీరు మన కన్నుల ముందుగా పోవుచుండగా మా ఇంటి కొళాయికి మాత్రము దినము విడిచి దినము, అదియు తెల్లవారుజామున నాలుగున్నరకు, దారము వంటి ధారగా వచ్చును. "మద్రాసోళ్ళు తాగినాక మిగిలింది మనకు" అని అమ్మ అనును. తన ఇల్లు మునిగిన నీటిని గూర్చి ఆమె నోట వచ్చు ఫిర్యాదు అంత మాత్రమే.

ఆ ధారకు మా యంత్రము తిరుగదు. మూలను పెట్టినాము. రెండు నెలలైన తరువాత అమ్మ దాని మూత ఎత్తి చూచి, "గట్టి మూత, ఎలకలు దూరవు" అని మెచ్చుకొని, మాతో చెప్పకుండ ఇంటిలోని జొన్నలన్నియు దానిలో పోసినది. అప్పటికి మా పిల్లవాడు ఏడేండ్లవాడు. ఒక దినము వీధిలో ఎక్కడో గొట్టము బాగుచేసినారు గాబోలు, కొళాయి భోరున వచ్చెను. వాడు సంతోషముతో యంత్రమునకు గొట్టము తగిలించి మీట నొక్కినాడు. ముప్పావు గంట గడచిన తరువాత అది కూత పెట్టి ఆగినది. మూత తీయగా జొన్నలు ఉతికి, జాడించి, పిండి సిద్ధముగా ఉన్నవి. మిద్దె మీద ఆరబోసి, మర పట్టించి, వారము దినములు రొట్టెలు చేసి వీధిలో పంచినాము. ఇంత మెత్తని రొట్టె ఎన్నడు తినలేదని అందరన్నారు. ఇద్దరు తల్లులు తమ జొన్నల సంచులు తెచ్చి, "మావి గూడ ఒక తూరి ఏస్తారా?" అని అడిగినారు. నీళ్ళు రాలేదని చెప్పి పంపినాము.

ఇక భాష. మాది తెలుగే, ఇక్కడిదియు తెలుగే. అయినను అంగడికి పోయిన మా అమ్మాయికి అరగంట పట్టెడిది. ఉల్లిపాయలు ఇక్కడ ఎర్రగడ్డలు, వెల్లుల్లి తెల్లగడ్డలు, కందిపప్పు బేడలు, మరమరాలు బొరుగులు. వేరుశెనగలు బుడ్డలు. అంగడాయనకు పట్నపు మాటలన్నియు బాగుగా తెలియును. కాని తెలియనట్లు నటించుటలో ఆయనకొక ఆనందము. ఒక సాయంకాలము అమ్మ మనవని పిలిచి, "అరకిలో బుడ్డలు తేపో" అన్నది. వాడు దారి పొడుగున ఆ మాట వల్లించుకొనుచు పోయి, అంగడి చేరునప్పటికి దానికి దీర్ఘము తగిలించి, "అరకిలో బుడ్డీలు ఇవ్వండి" అని గట్టిగా అడిగినాడు. అక్కడ నిలువబడినవారిలో మన సంఘస్థులు ముగ్గురున్నారు. అంగడాయన ఏమాత్రము నవ్వక, "ఆ బుడ్డీలు ఇంగో అంగట్లో నాయనా. అవి కిలోల్లెక్కన ఈరు, సీసాల్లెక్క" అన్నాడట. వాడు బుద్ధిమంతుడు గనుక ఆ ఇంకొక అంగడి ఎక్కడో చూపుమన్నాడు. ముగ్గురు సంఘస్థులు వానిని చేయి పట్టుకొని ఇంటికి తెచ్చి అప్పగించినారు. తరువాత ఆదివారము గుడిలో మమ్మును చూచి చాలమంది అకారణముగా చిరునవ్వు నవ్వినారు.

ఆ పిల్లవాడే ఇప్పుడు మమ్మును సరిదిద్దుచున్నాడు. మొదట ఫోనులో "నానమ్మా" అని పిలిచెడివాడు. ఇప్పుడు "జేజీ" అని కేక వేసిన మూడు ఇండ్లవరకు వినబడును. ఉగ్గాని అను ఫలహారమును తడిసిపోయిన మరమరాలని చెప్పి మొదటి దినము ప్రక్కకు నెట్టినవాడు వాడే. బొరుగులు నీళ్ళలో ముంచి, పిండి, ఎర్రగడ్డలు పచ్చిమిరపకాయల తిరగబోతలో వేసి, పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జితో పెట్టినప్పుడు వద్దను కర్నూలువాడు ఉండడు. వాడు కర్నూలువాడగుటకు పండ్రెండు దినములు పట్టెను. మాలో సికింద్రాబాదువారికి నాలుగు దినములే.

ఇప్పుడు కూర సంగతి. మీరందరు నవ్వుచున్నారు గనుక ఇది మీ సంగతియే. "ఏం కూర?" అను ప్రశ్న ఇక్కడ వందనమువంటిది. ఉదయము తొమ్మిది గంటలకు వాకిట నిలువబడినచో మధ్యాహ్నము లోపల పదునైదుసార్లు జవాబు చెప్పవలెను. వంకాయ అనిన, "నిన్న గూడ వంకాయే గదా" అందురు. మాకు జ్ఞాపకము లేకపోయినను వారికి జ్ఞాపకముండును. వచ్చిన క్రొత్తలో ఒక దినము మాలో ఒకరికి తలనొప్పి. "ఏం కూరమ్మా?" అని ప్రక్కింటి అక్క అడిగినప్పుడు, "ఈ రోజు ఏమీ చేయలేదక్కా" అని లోపలికి పోయి పండుకొనుట జరిగినది. ఒంటిగంటకు తలుపు చప్పుడు. మటిక్కాయల కూర. ఐదు నిమిషములకు మరల చప్పుడు. గోంగూర పప్పు. తరువాత పుండికూరట, అదియు గోంగూరయేనని అమ్మ చెప్పినది. రెండుగంటలకు మా గూటిలో ఏడు గిన్నెలు, ఒక చెంబు మజ్జిగ, తలకు రాయుమని ఒక సీసా నూనె ఉన్నవి. ఎనిమిదవవారు కూర లేకుండ వచ్చి, "ఏమైందమ్మా, అబ్బయ్యతో కొట్లాడినావా?" అని మెల్లగా అడిగినారు.

కూర తినుట సులభమే. గిన్నె తిరిగి ఇచ్చుట కష్టము. ఖాళీ గిన్నె పంపరాదని అమ్మ ఆజ్ఞ. గనుక ఏడు గిన్నెలకు ఏడుసార్లు ఏదియో చేయవలెను. ఒక గిన్నెలో పాయసము పోసి పంపగా, వారు దానికి బదులు వేరొక గిన్నెలో ఓళిగలు పంపినారు. లెక్క తెగదు. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించు వాడుక మన వైపు ఉన్నది గాని, దానివలన ప్రయోజనము కొంచెమే. ఏలయనగా ఆ పేరు గిన్నె కొన్నవారిది గాక, పెండ్లికి చదివించిన మేనత్తదియో, కాలముచేసిన అవ్వదియో అయి యుండును. మా గూటిలోని ఒక పళ్ళెము మీద 1968 అని తేదీ ఉన్నది. ఆ పెండ్లి ఎవరిదో వీధిలో విచారించగా, ముగ్గురు తమదేనని చెప్పినారు.

పట్నములో మా ఎదుటి ఫ్లాటువారితో పదహారేండ్లలో ఒక్క గిన్నె కూడ మారలేదు. వారు మంచివారే. లిఫ్టులో తల ఊపెడివారు.

ఆఫీసు పనికి వచ్చెదము. రోజుకు రెండుసార్లు కంప్యూటరులో ముఖాముఖి మీటింగు. ఇంటి ముందరి గదిలో కూర్చుండిన వీధి చప్పుడు. వెనుక గదిలో కూర్చుండిన ప్రక్కింటివారి ఎనుము. ఆ ఎనుమునకు మీటింగు వేళ ఖచ్చితముగా తెలియును. పై అధికారి ఇంగ్లీషులో, "ఆ శబ్దమేమి?" అని అడిగినారు. ఎనుము అను మాటకు తగిన మర్యాదగల ఇంగ్లీషు అప్పటికప్పుడు తోచక, "నెట్‌వర్క్" అని జవాబిచ్చుట జరిగినది. ఒకసారి అమ్మ మజ్జిగ గ్లాసుతో లోపలికి వచ్చి, తెరమీద పండ్రెండు ముఖములు చూచి, "ఎవురు నాయనా ఈళ్ళంతా? ఇంత పొద్దెక్కినాది, తిన్యారా?" అని ఒక్కొక్కరిని చేయి చూపి అడిగినది. బెంగుళూరునుండి, పూనానుండి కూర్చున్నవారికి భాష తెలియకపోయినను ప్రశ్న అర్థమైనది. ఇద్దరు తినలేదన్నారు. "ముందు తినిరాపోండి" అని అమ్మ సెలవిచ్చినది. మీటింగు ఆగిపోయెను. ఆ తరువాత వారము పై అధికారి మొదటి మాటగా, "అమ్మ ఎక్కడ?" అని తెలుగులోనే అడిగినారు.

ఇట్లు ఒక సంవత్సరమనుకొన్నది రెండు సంవత్సరములు దాటబోవుచుండగా 2023 వేసవిలో ఉత్తరము వచ్చినది. ఇకమీదట అందరు హైదరాబాదు ఆఫీసుకు వచ్చి పని చేయవలెను, లేనియెడల వేరు దారి చూచుకొనవలెను. ఒక నెల గడువు.

ఎండకాలము మనము మిద్దెలమీద పండుకొందుము గదా. ఆ రాత్రి పిల్లలు నిద్రించిన తరువాత మేమిద్దరము గుసగుసగా వాదించుకొన్నాము. ఒకరు తిరిగి పోదమన్నారు, ఒకరు ఉండుదమన్నారు. మీరు తలంచినది సరికాదు. పోదమన్నవారు ఈ ఊరివారు. ఉండుదమన్నవారు సికింద్రాబాదువారు. జీతము, అమ్మాయి కాలేజీ, ఇంటి అప్పు, అమ్మ మోకాళ్ళు, అన్నియు లెక్కలోనికి వచ్చినవి. పట్నములో నాలుగు గోడల మధ్య వాదించు అలవాటుగలవారము. గాలి ఎటు వీచునో, గుసగుస ఎంత దూరము పోవునో ఎవరు చూడవచ్చిరి? కొంచెము సేపటికి ప్రక్క మిద్దె మీదనుండి ఒక పెద్దాయన గొంతు నిదానముగా, "అబ్బయ్యా, పిల్ల వచ్చే ఏడు పదో తరగతి గదా. ఇప్పుడు కదిలించేది బాగుండదేమో" అన్నది. మేము ఊపిరి బిగబట్టినాము. అవతలి మిద్దెనుండి ఒక తల్లి, "ఈడ్నే వేరే పని చూసుకుంటే జీతం ఎంత తగ్గుతాదంట?" అని అడిగినది. చీకటిలో ఎవరో మేము ఇంతకుముందు అనుకొన్న అంకెను యథాతథముగా చెప్పినారు. "శానానే" అని ఇంకెవరో నిట్టూర్చినారు. "కర్నూలులో మావోడు పనిచేసే కాడ అడిగిద్దాంలే" అని నాలుగవ మిద్దె. ఇట్లు మా సంసారము మీద అరగంట సభ జరిగినది. మేము మాత్రము మాట్లాడలేదు. చివరకు క్రిందినుండి అమ్మ, "పండుకోండి ఇంగ. పొద్దున్నే కొళాయి వస్తాది" అని కేక వేయగా సభ ముగిసెను.

నాలుగున్నరకు కొళాయి దగ్గర బిందె పట్టుచు అమ్మ, తల ఎత్తకుండ, "పోయేదైతే చెప్పు నాయనా. నేనూ వస్తా. పెట్టె సర్దుకుంటా" అన్నది.

ఆమె అన్న మాట అంతే. నలుబది రెండు సంవత్సరములుగా ఒక్కటే మాట మీద నిలిచిన మనిషి. బిందె నిండినది, పొర్లినది. మాలో ఈ ఊరివారు కొళాయి కట్టివేయుట కూడ మరచి నిలువబడినారు. మద్రాసువారు త్రాగగా మిగిలిన నీరు అట్లు పారబోయుట చూచి అమ్మ కేకలు వేసినది. పగలు పది గంటలకు ఆఫీసుకు జవాబు పోయెను. కర్నూలులో చెప్పిన ఆ పని దొరకలేదు గాని వేరొకటి దొరికినది. జీతము మూడవ వంతు తగ్గినది. రోజు ఆర్.టి.సి. బస్సులో పోయివచ్చుచున్నారు. ఎవరికైనను ఈ విధముగా చేయుమని సలహా ఇచ్చుటకు మేము సిద్ధముగా లేము. అప్పు తీరుటకు ఇంకను ఆరేండ్లున్నది. వ్యాయామపు సైకిలు అమ్మివేయుదమా అని ఒక ఆలోచన మాత్రము కలదు.

మధ్యలో జిల్లా సంగతి ఒకటి మరచినాము. మేము వచ్చినది కర్నూలు జిల్లాకు. 2022 ఏప్రిల్ 4న లేచి చూచుసరికి నంద్యాల జిల్లాలో ఉన్నాము. కర్నూలు ముప్పది కిలోమీటర్లు. నంద్యాల దానికి రెట్టింపు దూరము. ఆళ్ళగడ్డలోని మా చుట్టములు ఫోను చేసి, "ఇప్పుడు మనమంతా ఒక జిల్లానే, రాకపోకలుండాల" అని సంతోషించినారు. ఇది అమ్మకు విప్పి చెప్పగా, "నేను కదల్లే. జిల్లానే కదిలింది" అని తృప్తిపడినది.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగించెదము. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు మట్టము 885 అడుగులు. వానలు తప్పిన ఏటి తరువాతి వేసవిలో నీరు బాగుగా దిగి, సంగమేశ్వరము గుడి పూర్తిగా బయటపడును. 2024 వేసవిలో అట్లే దిగినది. తమ తమ పాత ఊళ్ళు చూచుటకు చాలమంది పోవుచున్నారని విని, అమ్మ తానే అడిగినది. ఒక జీపు మాట్లాడుకొని పోయినాము. చూడగా ఏమున్నది? నెర్రెలిచ్చిన బురద నేల, మొండిగోడల రాళ్ళు, అక్కడక్కడ బావి ఒర. మాకు అన్ని దిక్కులు ఒకటిగానే కనబడినవి. అమ్మ మాత్రము ఒక చింతమాను మొద్దు దగ్గర నిలువబడి, ఎడమకు తిరిగి, అంగడికి పోయివచ్చునట్లు చకచక నడిచి, ఒక చోట ఆగి, "చెప్పులిడవండి. ఇది వంటిల్లు" అన్నది.

పది గంటల ఎండ. నేల పెనమువలె ఉన్నది. అయినను అందరము చెప్పులు విడిచినాము. జీపు నడుపు అబ్బాయి కూడ విడిచినాడు. పిల్లలు ఒంటికాలి మీద గెంతుచుండగా అమ్మ ఇల్లు చూపినది. ఇది పొయ్యి, ఇది గాదె, ఇది నాయన కూర్చుండు తిన్నె. మా పిల్లవాడు చల్లగానున్న ఒక బండ వెదకి దానిమీద నిలువబడగా, "ఈడ కాదు రా, అది ఎనుముల కొట్టం" అని దింపినది. అమ్మాయి ఫోనుతో కొలిచి, వంటిల్లు హైదరాబాదులోని మా హాలు కంటె పెద్దదని తేల్చినది. వాకిలి ఉండిన చోట అమ్మ నిలిచి నవ్వుచు, "మీ నాయన్ను కోడి పొడిచింది ఈడ్నే" అని పిల్లలకు చూపినది. మాలో ఆ బాలుడైనవారు ఆ స్థలమును కొంతసేపు శ్రద్ధగా చూచినారు.

అప్పుడు దూరముగా, ఒక రెండువందల అడుగుల అవతల, ఇంకొక ముసలమ్మ తన మనుమలతో వచ్చి, తన ఇంటి స్థలములో నిలువబడి యున్నది. ఇద్దరు కొంగు నొసటికి అడ్డము పెట్టుకొని ఒకరినొకరు చూచుకొన్నారు. ఊరు ఖాళీ అయినప్పుడు వారు ఇంకొక వైపు వెళ్ళిపోయిరట, మరల కలిసికొనలేదు. పేరు పెట్టి పిలుచునేమో, ఏడ్చునేమోనని మేము చూచుచున్నాము. అమ్మ రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకొని గట్టిగా కేక వేసినది: "ఏం కూర?"

అవతలనుండి ఒక్క క్షణము ఆలస్యము లేకుండ జవాబు వచ్చెను: "గోంగూర!"

ఇద్దరు వాకిళ్ళు దాటి ఎదురు నడిచి, మధ్యలో కూర్చున్నారు. గంటన్నర మాట్లాడినారు. మేము చెప్పులు వేసికొనవచ్చునా అని అడుగుటకు ఎవరికి ధైర్యము చాలలేదు.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. కడపట ఒక మనవి. మా గూటిలో ఈనాటికి పదకొండు గిన్నెలు, రెండు పళ్ళెములు, ఒక మూత నిలిచిపోయినవి. వాటిని సంచిలో వేసి తెచ్చి ద్వారము ప్రక్కన బల్లమీద పెట్టినాము. కూటము ముగిసిన తరువాత ఎవరివి వారు గురుతుపట్టి తీసికొని పోవలసినదిగా కోరుచున్నాము. ఖాళీవి కావు, బుడ్డల ఉండలున్నవి, జాగ్రత్తగా ఎత్తవలెను. 1968 పళ్ళెము విషయము ఆ మూడు ఇండ్లవారు తమలో తాము తేల్చుకొందురు గాక.